మతము – అభిమతము

మనం నిత్యం వాడే 'మతం' అన్న మాటకు అసలు అర్థమేమిటో ఒక్క క్షణం ఆలోచిద్దాం. సంస్కృతంలో 'మన్' అనే ధాతువుంది. తలచడం, భావించడం అని దాని అర్థం. మనస్సు, మతి, మననం, మంత్రం... ఇవన్నీ ఆ ధాతువు కడుపున పుట్టిన బిడ్డలే. 'మతం' వాటికి తోబుట్టువు. తలచబడినది ఏదో అది మతం, అంటే అభిప్రాయమన్నమాట. శాస్త్రగ్రంథాల్లో 'ఇది ఫలానా ఆచార్యుని మతం' అని కనిపిస్తే, ఆ ఆచార్యుడు అలా అభిప్రాయపడ్డాడని అర్థం చేసుకోవాలి. అభిమతం, సమ్మతం, అనుమతి వంటి పదాల్లో ఆ పాత అర్థం నేటికీ సజీవంగా ఉంది. ఓటు వేయడాన్ని హిందీవారు 'మత్‌దాన్' అంటున్నారంటే అదే కారణం.

ఈ కాలంలో ప్రజల మతాన్ని గురించి ప్రజల మతాన్నే అడిగి తెలుసుకునే పద్ధతి ఒకటి బలంగా నాటుకుపోయింది. దాన్ని సర్వే అంటున్నాం. దేవుణ్ణి నమ్ముతారా, గుడికి వెళతారా, ఎవరికి ఓటు వేశారు, పొరుగింట్లో అన్యమతస్థులుంటే అభ్యంతరమా, కులం దాటిన పెళ్లిని ఆపాలా... ఇలాంటి ప్రశ్నలతో ఇంటింటికీ తిరిగి, జవాబులను శాతాలుగా మార్చి ప్రకటిస్తున్నారు. మర్నాటి నుంచి ఆ శాతాలు పత్రికల్లోకి, టీవీ చర్చల్లోకి, చివరకు రచ్చబండ మీదికి కూడా వస్తున్నాయి. 'నూటికి ఇంతమంది ఇలా అంటున్నారు కనుక ఇదే న్యాయం' అని ఒకరు, 'అదంతా కట్టుకథ' అని మరొకరు వాదులాడుకుంటున్నారు. ఆస్తికులైన మనం ఈ అంకెలను ఏ దృష్టితో చూడాలి? తల మీద పెట్టుకోవాలా, తోసిపుచ్చాలా? ఈ ఆదివారం దాన్ని గురించి నాలుగు మాటలు విన్నవించుకుంటాను.

లోకం మాట విన్న రాజులు

లోకాభిప్రాయాన్ని తెలుసుకోవాలన్న కోరిక కొత్తది కాదు. వాల్మీకి రామాయణం అయోధ్యాకాండ ప్రారంభంలోనే అటువంటి ఘట్టముంది. శ్రీరామునికి యౌవరాజ్య పట్టాభిషేకం చేయదలచిన దశరథుడు నిండుసభను పిలిచి, తన ఆలోచన చెప్పి, వారి అభిప్రాయం అడిగాడు. సభ యావత్తూ హర్షధ్వానాలతో అంగీకరించింది. మరొక రాజైతే అక్కడితో సంతృప్తి చెందేవాడు. దశరథునికి సంశయం కలిగింది. తాను కోరాడని తెలిసి ఔనన్నారా, నిజంగా మనసులో ఉన్నదే అన్నారా? అందుకని, తాను ధర్మంగా పాలిస్తుండగా రాముణ్ణి ఎందుకు కోరుకుంటున్నారని వారిని తిరిగి ప్రశ్నించాడు. అప్పుడు వారు రాముని గుణాలను ఒక్కొక్కటిగా వర్ణించారు. అడిగేవాడి ముఖం చూసి జవాబు చెప్పే గుణం మనుషులకుందని ఆ వృద్ధరాజుకు తెలుసు. నేటి సర్వే నిపుణులు నానా తంటాలు పడుతున్నది ఆ గుణంతోనే.

ఉత్తరకాండలో మరొక ఘట్టముంది. పౌరులు, జానపదులు తన గురించి, సీతను గురించి ఏమనుకుంటున్నారని శ్రీరాముడు భద్రుణ్ణి అడిగాడు. భద్రుడు మొదట మంచిమాటలే చెప్పాడు. మంచినీ చెడునూ దాచకుండా ఉన్నదున్నట్లు చెప్పమని రాముడు గట్టిగా అడిగితే గానీ అపవాదు మాట బయటికి రాలేదు. ఊళ్లన్నింటా అనుకుంటున్నారన్నాడే తప్ప, అన్నవారెందరు, అనని వారెందరన్న లెక్క ఆ మాటలో లేదు. ఆ తరువాత జరిగిన సీతా పరిత్యాగాన్ని తలచుకొని మన పండితులు, కవులు తరతరాలుగా తర్కిస్తూనే ఉన్నారు. లోకం ఏమంటోందో తెలుసుకోవడం ఒక పని. తెలుసుకున్న దానితో ఏం చేయాలన్నది వేరొక పని. రెండవది మొదటిదాని కంటె కష్టమైనది.

కౌటిల్యుని అర్థశాస్త్రం ఇంకొక ఉపాయం చెప్పింది. రాజుగారి గూఢచారులు తీర్థాల్లో, సభల్లో, జనం గుమిగూడే చోట్ల తమలో తామే వాదించుకోవాలి. ఒకడు రాజు దండనలతో, పన్నులతో పీడిస్తున్నాడనాలి, మరొకడు కాదనాలి. చుట్టూ ఉన్నవారు ఎటు మొగ్గుతారో గమనించాలి. ముఖాముఖి అడిగితే జనం నిజం చెప్పరన్నది కౌటిల్యుని ఎరుక. నేటి పద్ధతి ఇందుకు భిన్నం. సర్వేకు వచ్చినవారు తామెవరో చెప్పి, అనుమతి కోరి, పేరు బయటపెట్టబోమని మాట ఇచ్చి అడుగుతారు. గూఢచర్యం పోయి నమ్మకం వచ్చింది. ఆ మేరకు ఇది మేలైన మార్గమే.

ఒక్క మెతుకు చాలునా?

నూటనలభై కోట్లమంది ఉన్న దేశంలో ముప్పైవేలమందిని అడిగి దేశమంతటి మాట చెబుతారా అని చాలామంది ఆక్షేపిస్తారు. దీనికి మన శాస్త్రకారులే ఏనాడో సమాధానం చెప్పారు. దాన్ని స్థాలీపులాక న్యాయమంటారు. స్థాలి అంటే వంటపాత్ర, పులాకమంటే మెతుకు. కుండలో అన్నం ఉడికిందో లేదో చూడడానికి కుండంతా కుమ్మరించనక్కర లేదు. ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలు. అయితే వంట తెలిసిన ప్రతి ఇల్లాలికీ ఇందులోని కిటుకు తెలుసు. అన్నం సమంగా ఉడికినప్పుడే ఆ న్యాయం పనిచేస్తుంది. అడుగు మాడి, పైన పలుకుగా ఉన్నప్పుడు పైమెతుకు ఒకటి చెబుతుంది, అడుగుమెతుకు మరొకటి చెబుతుంది. అప్పుడు గరిటెతో కలియబెట్టి చూడాలి.

సర్వేలో ఆ గరిటె పని చేసేది లాటరీ. ఏ ఊరు, ఏ వీధి, ఏ ఇల్లు, ఆ ఇంట్లో ఏ మనిషి అన్నది అడిగేవారి ఇష్టాన్ని బట్టి గాక, లాటరీ పద్ధతిలో తేలాలి. తలుపు తీసినవారినే అడిగితే ఇంటిపట్టున ఉండేవారి మాటే వినబడుతుంది. పొలానికి పోయిన కోడలి మాట వినబడదు. ఆ విధంగా సక్రమంగా ఎంచుకున్న వెయ్యిమందిని అడిగితే చాలు, వచ్చే అంకె అసలు అంకెకు మూడు శాతం అటూ ఇటూగా ఉంటుందని గణితశాస్త్రం చెబుతోంది. నూటికి తొంభై అయిదు సార్లు అలాగే జరుగుతుంది. మిగిలిన అయిదుసార్లు అంతకంటె దూరం జరగవచ్చు.

ఎంచుకోవడంలో పొరపాటు జరిగితే ఎంతమందిని అడిగినా ఫలితముండదు. 1936లో అమెరికా అధ్యక్ష ఎన్నికల ముందు 'లిటరరీ డైజెస్ట్' అనే పత్రిక దాదాపు కోటిమందికి కార్డులు పంపింది. ఇరవై లక్షలకు పైగా జవాబులు వచ్చాయి. లాండన్ గెలుస్తాడని ప్రకటించింది. కానీ 48 రాష్ట్రాల్లో 46 గెలుచుకొని రూజ్‌వెల్ట్ ఘనవిజయం సాధించాడు. ఆ పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోను డైరెక్టరీల నుంచి, కార్ల రిజిస్టర్ల నుంచి. ఆ రోజుల్లో ఆ రెండూ ఉన్నది కలిగినవారి ఇళ్లలోనే. పైగా కార్డు తిరిగి పంపిన వారికీ, పంపని వారికీ అభిప్రాయంలో తేడా ఉంది. అంతకంటె ఎంతో తక్కువమందిని అడిగిన జార్జి గాలప్ రూజ్‌వెల్టే గెలుస్తాడని చెప్పగలిగాడు. రెండేళ్లు తిరక్కముందే ఆ పత్రిక మూతపడింది.

మన దేశంలోనూ ఇటువంటి గర్వభంగాలు జరిగాయి. 2004లో ఎన్‌డీఏ తిరిగి అధికారానికి వస్తుందని సర్వేలు చెప్పాయి. కాంగ్రెసు 145 స్థానాలతో పెద్ద పార్టీగా నిలిచి, మిత్రులతో ప్రభుత్వం ఏర్పాటు చేసింది. 2024లో ఎగ్జిట్ పోల్స్ అత్యధికం ఎన్‌డీఏకు 350కి పైగా ఇచ్చాయి. జూన్ 4న లెక్క తేలేసరికి వచ్చినవి 293. ఇక్కడ ఒక సూక్ష్మం గమనించండి. ఎన్నికల సర్వేకు ఓట్ల లెక్కింపు అనే పరీక్షదినం ఉంది. తప్పు చేస్తే నలుగురిలో తేలిపోతుంది. కానీ 'మీకు దైవభక్తి ఉందా?' అన్న సర్వేకు ఏ లెక్కింపు రోజూ లేదు. అది తప్పయినా పట్టి ఇచ్చే పెట్టె ఏదీ తెరుచుకోదు. అందుకే మతాన్ని గురించిన సర్వేను చదివేటప్పుడు మరింత జాగరూకత అవసరం.

ముప్పైవేలకు ఒకరు తక్కువ

మన దేశంలో మతవిశ్వాసాలపై జరిగిన సర్వేల్లో విస్తృతమైనది ఒకటి చూద్దాం. అమెరికాలోని వాషింగ్టన్‌కు చెందిన ప్యూ రిసెర్చ్ సెంటర్ 2019 నవంబరు 17 నుంచి 2020 మార్చి 23 వరకు దీన్ని జరిపించింది. 17 భాషల్లో 29,999 మంది వయోజనులను ముఖాముఖి ప్రశ్నించారు. నివేదిక 2021 జూన్ 29న వెలువడింది. అడిగిన వారిలో 22,975 మంది హిందువులు, 3,336 మంది ముస్లింలు, 1,782 మంది సిక్కులు, 1,011 మంది క్రైస్తవులు, 719 మంది బౌద్ధులు, 109 మంది జైనులు.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో సిక్కులు 1.7 శాతం. ఆ లెక్కన ముప్పైవేలలో సుమారు అయిదువందల మందే ఉండాలి. మరి 1,782 మంది ఎలా వచ్చారు? చిన్న సమూహాల మాట స్పష్టంగా వినబడాలని కావాలనే ఎక్కువమందిని అడిగారు. ఆ తరువాత దేశం మొత్తానికి లెక్క కట్టేటప్పుడు వారి జవాబుల తూకాన్ని జనాభాకు తగినట్లు తగ్గించారు. ఇది న్యాయమైన పద్ధతే. అయితే జైనులు 109 మందే కనుక, వారి గురించిన శాతాలను కొంత వెసులుబాటుతో చదువుకోవాలి. కాశ్మీర్ లోయ, మణిపూర్, సిక్కిం, అండమాన్, లక్షద్వీప్‌లలో ఈ సర్వే జరగలేదన్నదీ గుర్తుంచుకోవాలి. పౌరసత్వ సవరణ చట్టంపై దేశం అట్టుడుకుతున్న మాసాలవి. కాలం మారితే కొన్ని జవాబులు మారవచ్చు.

అద్దంలో కనిపించిన ముఖం

ఇక ఫలితాలు చూడండి. 97 శాతం మంది దేవుణ్ణి నమ్ముతామన్నారు. హిందువుల్లో 61 శాతం దేవుడు ఒక్కడే, రూపాలు అనేకం అన్నారు. దేవతలు అనేకులన్నవారు 7 శాతమే. 'హిందువులు ముక్కోటి దేవతల్ని కొలుస్తారు, ఒక్కడని తెలియదు' అని ఆక్షేపించే వారికి ఇది చక్కని సమాధానం. మీరు ఏ దైవానికి దగ్గరివారని అడిగితే హిందువుల్లో 44 శాతం శివుణ్ణి, 35 శాతం హనుమంతుణ్ణి, 32 శాతం వినాయకుణ్ణి చెప్పారు. ఒకరు ఒకటి కంటె ఎక్కువ పేర్లు చెప్పవచ్చు కనుక ఈ అంకెలన్నీ కూడితే నూరు దాటుతాయి.

కర్మసిద్ధాంతాన్ని నమ్ముతామన్నవారు హిందువుల్లో 77 శాతం. ముస్లింలలోనూ సరిగ్గా 77 శాతం! క్రైస్తవుల్లో మూడోవంతు దాకా గంగాజలానికి పవిత్రం చేసే శక్తి ఉందన్నారు. ఒకే నేల మీద, ఒకే నీరు తాగి బతికిన వారి మనసుల్లో ఎంతటి ఇచ్చిపుచ్చుకోళ్లు జరిగాయో ఇంతకంటె వేరే ఋజువు కావాలా?

సామరస్యం మాటకొస్తే, నిజమైన భారతీయుడు కావాలంటే అన్ని మతాలనూ గౌరవించడం చాలా ముఖ్యమని 84 శాతం అన్నారు. తమ మతాన్ని స్వేచ్ఛగా ఆచరించుకోగలుగుతున్నామని హిందువుల్లో 91 శాతం, ముస్లింలలో 89 శాతం చెప్పారు. మతకలహాలు దేశానికి చాలా పెద్ద సమస్య అన్నవారు ఇరువర్గాల్లోనూ 65 శాతమే. ఇంతవరకు విని మనం సంతోషిస్తాం. కానీ అదే గుమ్మంలో, అదే మనిషిని తరువాతి ప్రశ్న అడిగారు. తమ మతం స్త్రీలు పరమతం వారిని పెళ్లి చేసుకోకుండా ఆపడం చాలా ముఖ్యమని హిందువుల్లో 67 శాతం, ముస్లింలలో 80 శాతం అన్నారు. స్త్రీలు కులం దాటి పెళ్లాడకుండా ఆపాలన్నవారు దేశం మొత్తంలో 64 శాతం. అందరినీ గౌరవిస్తాం, కానీ ఎవరి గోడ వారిదే అన్నది ఈ అంకెల సారాంశం.

దక్షిణాది విషయం కొంత వేరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ సహా అయిదు రాష్ట్రాలు, పుదుచ్చేరి కలిపి వారు దక్షిణమన్నారు. నిజమైన భారతీయుడు కావాలంటే హిందువై ఉండడం చాలా ముఖ్యమని దేశంలోని హిందువుల్లో 64 శాతం అంటే, దక్షిణాది హిందువుల్లో 42 శాతమే అన్నారు. కనుక 'హిందువులంతా ఇలా అనుకుంటారు' అని ఎవరైనా చెబితే, ఏ ప్రాంతపు హిందువులని అడగడం మన విధి.

ప్రశ్న చెప్పే జవాబు

అంకెలు అబద్ధం చెప్పకపోయినా, ప్రశ్న తన పని తాను చేసుకుపోతుంది. దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. 1940 ప్రాంతంలో అమెరికాలో ప్రజాస్వామ్యానికి వ్యతిరేకంగా బహిరంగ ప్రసంగాలను 'అనుమతించాలా?' అని కొందరినీ, 'నిషేధించాలా?' అని మరికొందరినీ అడిగారు. అనుమతించరాదన్నవారు 62 శాతం. నిషేధించాలన్నవారు 46 శాతమే. అనుమతించకపోవడం, నిషేధించడం రెండూ ఒక్కటే కదా! అయినా 'నిషేధం' అన్న మాట వినగానే మనసు వెనుకాడింది. ఒక్క మాట మారితే పదహారు శాతం జనాభిప్రాయం అటు నుంచి ఇటు జరిగిపోయింది.

అనువాదంలో ఈ చిక్కు ఇంకా పెద్దది. ఇంగ్లీషువారి రెలిజియన్ అన్న మాటను 'మతం' అంటే ఒక అర్థం, 'ధర్మం' అంటే మరొక అర్థం. 'మీ ధర్మం మీకు ముఖ్యమా?' అని ఒక రైతును అడిగితే, మాట తప్పకపోవడం, తల్లిదండ్రులను చూసుకోవడం, ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టడం గుర్తుకు వచ్చి 'అంతకంటె ముఖ్యమేముంది?' అంటాడు. 'మీ మతం మీకు ముఖ్యమా?' అంటే కొంచెం తటపటాయిస్తాడు. ఇద్దరు రైతులు కారు, ఒక్కడే. మారినది మాట.

మూడవది, అడిగినవారి ముందు మంచివాడుగా కనబడాలన్న కోరిక. అమెరికాలో ప్రతివారం చర్చికి వెళతామని సర్వేల్లో నూటికి నలభైమంది చెబుతూ వచ్చారు. 1993లో ముగ్గురు సామాజిక శాస్త్రజ్ఞులు ఒహాయో రాష్ట్రంలోని ఒక కౌంటీలో చర్చిల్లో నిజంగా కనబడిన తలలను లెక్కించి చూశారు. అంతా కలిపి ఆ సంఖ్యలో సుమారు సగమే తేలింది. వారిని అబద్ధాలకోరులనడం న్యాయం కాదు. 'వెళ్లవలసినవాణ్ణి' అన్న భావం 'వెళుతున్నాను' అన్న జవాబుగా బయటికి వచ్చింది. దశాబ్దాలుగా గర్భగుడి గుమ్మం దగ్గర నిలబడి భక్తులను చూస్తున్న అర్చకుడిగా నాకు ఇది ఆశ్చర్యం కలిగించలేదు. శనివారం వస్తానన్నవారందరూ వస్తే ఏ ఆలయమూ చాలదు.

నాలుగవది, జవాబు వల్ల కలిగే లాభనష్టాలు. ఇదే ప్యూ సర్వేలో హిందువులుగా పెరిగామన్నవారు 81.6 శాతం, ఇప్పుడు హిందువులమన్నవారు 81.7 శాతం. మతం మారేవారు, వచ్చేవారు దాదాపు సమానమని దీని భావం. అయితే 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం, తదుపరి సవరణలతో కలిపి, హిందూ, సిక్కు, బౌద్ధ మతస్థులకే ఎస్సీ హోదా వర్తిస్తుంది. క్రైస్తవం స్వీకరించినవారు ఆ హోదా కోల్పోతారు. అటువంటప్పుడు కొందరు అపరిచితుని ముందు తమ విశ్వాసాన్ని పూర్తిగా చెప్పకపోవచ్చు. ఈ అంకెతో ఏ పక్షంవారు వాదించినా, ఈ సంగతిని కూడా తక్కెడలో వేసుకోవాలి.

ధర్మానికి ఓట్లు ఉన్నాయా?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. నూటికి అరవైమంది ఔనన్నంత మాత్రాన ఒక పని ధర్మమవుతుందా? మన శాస్త్రం ఈ ప్రశ్నకు రెండు వైపుల నుంచీ సమాధానం చెప్పింది.

మొదటిది: సంఖ్య ప్రమాణం కాదు. ధర్మానికి వేదం, స్మృతి, సదాచారం, ఆ పైన ఆత్మతుష్టి ప్రమాణాలన్నారు. సందేహం వచ్చినప్పుడు తేల్చే పరిషత్తులో పదిమంది గానీ, ముగ్గురు గానీ ఉండవచ్చన్నారు. తెలియని పదివేలమంది మాట కంటె తెలిసిన ఒక్కని నిర్ణయం మిన్న అన్నారు. అలాగని భిన్నాభిప్రాయాన్ని దాచిపెట్టలేదు. బ్రహ్మసూత్రాల్లో ఆశ్మరథ్యుడు, ఔడులోమి, కాశకృత్స్నుడు వంటివారి అభిప్రాయాలను పేర్లతో సహా చెప్పారు. వేదమంత్రాలకు అర్థమే లేదన్న కౌత్సుని వాదాన్ని యాస్కమహర్షి తన నిరుక్తంలో కారణాలతో సహా చూపి, ఒక్కొక్కదానికీ సమాధానమిచ్చాడు. ఒక్కడు చెప్పిన మాటనైనా విని జవాబు చెప్పే సంప్రదాయం మనది. శాతాల్లో చివరి స్థానంలో ఉన్నవాడి మాట కూడా వినమని అది మనకు నేర్పింది.

రెండవది మరింత ముఖ్యమైనది. శాస్త్రంలో ఉన్నదైనా లోకం అసహ్యించుకునే పనిని ఆచరించవద్దని మనుస్మృతి, యాజ్ఞవల్క్యస్మృతి రెండూ చెప్పాయి. 'లోకవిద్విష్టం' అన్నది యాజ్ఞవల్క్యుని మాట. అంటే లోకాభిప్రాయానికి ధర్మశాస్త్రంలోనే ఒక అధికార పీఠం ఉంది. కానీ ఆ అధికారం ఎంతవరకో చూడండి. లోకం ఏవగించుకున్న దాన్ని విడిచిపెట్టమన్నారు. లోకం ఇష్టపడిన దాన్నల్లా ధర్మమని అనలేదు! జనాభిప్రాయానికి ఆచారాన్ని ఆపే శక్తి ఉంది. అధర్మాన్ని ధర్మంగా మార్చే శక్తి లేదు.

ఈ తేడా తెలియకపోతే ఎంత అనర్థమో మన తెలుగునేల మీదే చూశాం. 2018 సెప్టెంబరులో మిర్యాలగూడలో కులాంతర వివాహం చేసుకున్న ఒక యువకుణ్ణి, గర్భవతి అయిన భార్య పక్కన ఉండగానే, పట్టపగలు నరికి చంపారు. 2025 మార్చిలో న్యాయస్థానం దోషులకు శిక్షలు విధించింది. కులం దాటిన పెళ్లిని ఆపాలని నూటికి 64 మంది అనవచ్చు. తొంభైతొమ్మిది మంది అనవచ్చు. అది వారి మతం, అంటే అభిప్రాయం. ఆ శాతంలో ఒక్క అంకె కూడా ఒక ప్రాణం తీయడానికి అనుమతి కాదు. 'సమాజం ఒప్పుకోదు' అని బిడ్డల మీద కత్తి ఎత్తేవాడు సమాజాన్ని అడ్డుపెట్టుకుంటున్నాడే గాని, ధర్మాన్ని కాపాడడం లేదు. అటువంటివాడికి ఏ ఆలయంలోనూ, ఏ పురోహితుని నోటా సమర్థన దొరకకూడదు.

ఇంకొక ఉదాహరణ మా వృత్తికి దగ్గరిది. ఇదే సర్వే ఆధారంగా 2022 మార్చిలో స్త్రీపురుషుల పాత్రలపై మరొక నివేదిక వచ్చింది. ఆస్తిలో కొడుకులకూ కూతుళ్లకూ సమాన హక్కు ఉండాలని 64 శాతం అన్నారు. అదే జనంలో 63 శాతం, తల్లిదండ్రుల అంత్యక్రియల బాధ్యత ప్రధానంగా కొడుకులదే అన్నారు. ఆస్తి విషయంలో ఈ మార్పుకు మన ప్రాంతం ముందే దారి చూపింది. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతుళ్లకు జన్మతః హక్కు ఇచ్చే సవరణ ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచి అమలైంది. దేశమంతటికీ 2005లో వచ్చింది.

కానీ కొడుకులు లేని తండ్రి కాలం చేసినప్పుడు, శవం ముందు కన్నీళ్లతో నిలబడిన కూతురికి ఏం చెబుతాం? 'జనం ఒప్పుకోరమ్మా' అని దూరపు జ్ఞాతిని వెతికి తెమ్మంటామా? పుత్రులు, పౌత్రులు లేనప్పుడు కర్మాధికారుల వరుసలో భార్యను, కుమార్తెను, దౌహిత్రుణ్ణి ధర్మనిబంధనకారులు పేర్కొన్నారు. శాస్త్రం తెరిచి ఉంచిన తలుపును శాతాలు చూపి మూయడం పురోహితుని పని కాదు. ఇక్కడ లోకం మాట శాస్త్రం కంటె కఠినంగా ఉంది. 63 అన్న ఆ అంకె మాకు ఆజ్ఞగా వినిపించకూడదు. ఇంకా ఎందరికి నచ్చచెప్పవలసి ఉందో తెలిపే లెక్కగా వినిపించాలి.

మీ గుమ్మం ముందుకు వచ్చినప్పుడు

పాఠకులారా, రేపు ఎవరైనా కాగితాలో, ట్యాబ్లెట్టో పట్టుకొని మీ ఇంటికి రావచ్చు. జనాభా లెక్కలకు, సర్వేకు తేడా తెలుసుకోండి. ప్రధానంగా 2027 మార్చి 1 ప్రాతిపదికగా దేశమంతటా జనగణన జరపాలని, అందులో కులాన్ని కూడా లెక్కించాలని కేంద్ర ప్రభుత్వం 2025లో నిర్ణయించింది. అది ప్రతి తలనూ లెక్కించేది. చట్టప్రకారం అందరూ జవాబు చెప్పవలసినది. సర్వే మాత్రం మీ ఇష్టం. వచ్చినవారు ఎవరో, ఎవరి తరఫునో అడగండి. నమ్మకం కలగకపోతే వినయంగా వద్దనండి. చెప్పదలిస్తే ఉన్నదే చెప్పండి. మంచి పేరు కోసం చెప్పిన భక్తి, భయపడి దాచిన బాధ రెండూ దేశపు అద్దానికి మసి పూస్తాయి. ఇంట్లో ఆడవారిని అడిగితే మీరు అందుకొని జవాబు చెప్పకండి. ఆమె మతం ఆమెది.

చదివేటప్పుడు కూడా నాలుగు ప్రశ్నలు వేసుకోండి. ఎంతమందిని, ఎలా ఎంచి అడిగారు? ఏ మాటల్లో అడిగారు? ఎప్పుడు, ఎక్కడ అడిగారు? డబ్బు ఎవరిది? ఈ నాలుగింటికీ జవాబు చెప్పని సర్వేను గాలికబురుగానే భావించండి. చెప్పిన సర్వేను మాత్రం, అది మనకు నచ్చని మాట చెప్పినా సరే, శ్రద్ధగా చదవండి. నచ్చిన శాతాన్ని పటం కట్టించి, నచ్చని శాతాన్ని కుట్ర అనడం జిజ్ఞాసువు లక్షణం కాదు.

చివరగా ఒక్క మాట. ప్రతిరోజూ అర్చన చేయించుకోవడానికి వచ్చేవారు తమ గోత్రం చెబుతారు, పేరు చెబుతారు, మనసులో ఒక కోరిక అనుకుంటారు. ఆ మొదటి రెండూ నేను పైకి చదువుతాను. మూడవది నాకు తెలియదు, అడగను కూడా. సర్వే ఎంత గొప్పదైనా పైకి చెప్పిన దాన్నే లెక్కించగలదు. ఆ లెక్క మన సమాజాన్ని సరిదిద్దుకోవడానికి ఎంతో ఉపకరిస్తుంది. దాన్ని తేలిక చేయవద్దు. అయితే పొరుగువానిని నిజంగా గౌరవిస్తున్నామా, మన బిడ్డ మనసు నిజంగా వింటున్నామా అన్న ప్రశ్నలకు శాతాలుండవు. అక్కడ అడగవలసినది, జవాబు చెప్పవలసినది, లెక్క చూసుకోవలసినది ఒక్కరే.

శుభం భూయాత్.